2012 నాటి డెస్క్‌టాప్, 3,800 రూపాయల ఖర్చు: హనుమకొండలో ఒక రిపేరు షాపు గురించి

ఇంట్లో మూలన పాత డెస్క్‌టాప్ ఉండి, దాన్ని తూకానికి అమ్మాలా, కొత్తది కొనాలా, బాగు చేయించాలా అని తేల్చుకోలేకపోతున్న మన ట్రైసిటీ (వరంగల్, హనుమకొండ, కాజీపేట) వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హనుమకొండ చౌరస్తా నుంచి అశోకా జంక్షన్ వైపు వెళ్తుంటే ఒక పక్క గల్లీలో, మెట్లెక్కి పైకి వెళ్తే చిన్న రిపేరు షాపు ఉంది. పోయిన దసరా సెలవుల్లో, సద్దుల బతుకమ్మ హడావిడి అయిపోయాక, మా సిస్టమ్‌ను అక్కడ ఇచ్చాను. కొన్ని నెలలు రోజూ వాడి చూశాకే చెప్తున్నాను: షాపతను పని బాగా చేశాడు, తక్కువలో చేశాడు, అవసరం లేనిది ఒక్కటి కూడా అంటగట్టలేదు. పేరు రాస్తానంటే మాత్రం వద్దన్నాడు. షాపులో అతనొక్కడే. ఒకేసారి పది మంది వస్తే ఎవరికీ సరిగా చూడలేనని అతని భయం. అందుకే పేరు వదిలేసి, అక్కడ జరిగింది మాత్రం వివరంగా రాస్తాను. ఇది చదివాక మీ దగ్గరున్న ఏ షాపుకు వెళ్లినా ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

ముందు మా సిస్టమ్ సంగతి. 2012లో కొన్నాం. ఇంటెల్ కోర్ ఐ3-2120, అంటే రెండో తరం ప్రాసెసర్. హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 7తో వచ్చింది. 2016లో ఉచిత అప్‌గ్రేడ్ గడువు ముగిసే లోపే విండోస్ 10కు మార్చుకున్నాం. నేను హసన్‌పర్తి వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో తెలుగు చెప్తాను. ప్రశ్నపత్రాలు, బడి పత్రిక, వార్షికోత్సవం ఆహ్వానాలు, తోటి టీచర్ల పిల్లల పెళ్లి శుభలేఖలు, అన్నీ ఈ సిస్టమ్ మీదే, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో చేశాను. ఏళ్ల తరబడి చేసిన పని అంతా అందులో ఉంది. అందుకే పారేద్దాం అని ఎవరైనా అంటే నాకు ప్రాణం ఒప్పుకోదు.

కొన్నేళ్లుగా అది బాగా స్లో అయింది. బటన్ నొక్కితే డెస్క్‌టాప్ కనిపించేది కానీ, ఆ తర్వాత క్రోమ్ తెరుచుకోవడానికి ఇంకో నాలుగైదు నిమిషాలు పట్టేది. పోయిన జూలైలో మా పెద్దమ్మాయి ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు కాలేజీల జాబితా లోడ్ అయ్యేలోపే సెషన్ అయిపోయి బయటికి వచ్చేసేది. చివరికి నెట్ సెంటర్‌లో కూర్చుని పెట్టాం. ఎవరో సిస్టమ్‌లో పిల్ల పాస్‌వర్డ్ కొడుతుంటే, వెనక వరుసలో జనం నిలబడి తొందరపెడుతుంటే, ఆ టెన్షన్ చాలు అనిపించింది. దానికి తోడు విండోస్ 10కు సపోర్టు అక్టోబరు 14, 2025తో ముగుస్తుందనే నోటీసు స్క్రీన్ నిండా వస్తూ ఉండేది.

మొదట వెళ్లిన పెద్ద షోరూమ్‌లో కౌంటర్ మీద కుర్రాడు మోడల్ వినగానే, "ఇది పని చేయదు మేడమ్, కొత్తది తీసుకోండి" అని 38 వేల లెక్క రాసిచ్చాడు. సీపీయూ మూత కూడా తీయలేదు. మా మేనల్లుడేమో సికింద్రాబాద్ వచ్చేయ్ అత్తా, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తక్కువలో ఇప్పిస్తానన్నాడు. నిజమే, కంప్యూటర్ సామాన్లకు అక్కడ దొరకనిది ఉండదు. కానీ కొన్నాక ఏదైనా తేడా వస్తే సీపీయూను చంకన పెట్టుకుని కాజీపేటలో రైలెక్కాలి కదా. రిపేరు విషయంలో నడిచి వెళ్లగలిగే దూరంలో మనిషి ఉండటం నాకు ధర కంటే ముఖ్యం. మా స్కూల్లో లెక్కల సారు ఈ గల్లీ షాపు సంగతి చెప్పారు.

ఇక్కడ అతను మొదట అడిగిన ప్రశ్న, "దీని మీద మీరు ఏమేం పని చేస్తరు మేడమ్?" అని. నేను చెప్తుంటే కాగితం మీద రాసుకున్నాడు. రెండో ప్రశ్న, "డేటా వేరే ఎక్కడన్నా కాపీ ఉన్నదా?" అని. లేదన్నాను. వెంటనే సిస్టమ్ ఆన్ చేసి నడిపి చూడకుండా, హార్డ్‌డిస్క్ విప్పి తన మెషీన్‌కు తగిలించి, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో చూపించాడు. పచ్చగానో నీలంగానో ఉండాల్సిన చోట పసుపు రంగులో హెచ్చరిక ఉంది. డిస్క్ చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క, వేరే చోటికి మార్చేసిన సెక్టార్ల లెక్క, రెండూ సున్నా ఉండాల్సినవి అట, సున్నా లేవు. "స్లో అయితున్నది సిస్టమ్ కాదు మేడమ్, గీ డిస్క్. చదవరాని జాగ వచ్చినప్పుడల్లా మల్ల మల్ల ప్రయత్నం చేస్తది, అందుకే హ్యాంగ్ అయినట్టు కొడుతది. ముందుగాల డేటా బయట పెడదాం, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. చాలా చోట్ల "ఫార్మాట్ కొడితే సరిపోతుంది" అంటారు. పోబోతున్న డిస్క్‌ను ఫార్మాట్ కొడితే ఉన్న ఫైళ్లూ పోతాయి, స్లో కూడా తగ్గదు. మీ సిస్టమ్ ఎక్కడ ఇచ్చినా ఫార్మాట్ అనే ముందు డిస్క్ ఆరోగ్యం చూపించమని అడగండి. చూడటానికి ఒక్క నిమిషం చాలు. మా ఇంట్లో ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ ఇస్తే నా ఫైళ్లన్నీ అందులోకి దించాడు. కొన్ని పాత ఫొటోలు తెరుచుకోలేదు. పేజ్‌మేకర్ ఫైళ్లు మాత్రం అన్నీ వచ్చాయి.

తర్వాత ఏం మార్చాలన్నది చర్చ. హార్డ్‌డిస్క్ స్థానంలో, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అనే డిస్క్ వేయాలన్నది ఇప్పుడు అందరికీ తెలిసిన సలహానే. అతని దగ్గర నేను తెలుసుకున్నది మాత్రం ఎంత ఖరీదుది వేయాలన్న సంగతి. హెచ్61 బోర్డులో డిస్క్ తగిలించే సాటా పోర్టులు రెండో తరానివి, సెకనుకు 3 గిగాబిట్ల వేగం దగ్గరే ఆగిపోతాయి. ఎస్‌ఎస్‌డీ పెట్టె మీద సెకనుకు 540 ఎంబీ అని రాసి ఉన్నా, ఈ బోర్డులో దానికి దాదాపు సగమే వస్తుంది. కాబట్టి ఎక్కువ వేగం పేరుతో ఎక్కువ డబ్బు పెట్టడం దండగ అన్నాడు. కొత్త సిస్టముల్లో వేసే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీకి అయితే ఈ బోర్డులో చోటే లేదు.

సగం వేగమే వస్తే లాభమేముంది అని అడిగాను. దానికి అతను చెప్పిన జవాబు మా పిల్లలకు కూడా అర్థమయ్యేలా ఉంది. హార్డ్‌డిస్క్‌లో పళ్లెం తిరుగుతుంటే ఒక ముల్లు అటూ ఇటూ జరుగుతూ వెతుక్కోవాలి. విండోస్ మొదలవుతున్నప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు తలో మూలన ఉంటాయి, ఒక్కోదానికి ముల్లు జరగడానికి కొన్ని మిల్లీ సెకన్లు పోతాయి. ఎస్‌ఎస్‌డీలో జరగాల్సింది ఏమీ లేదు, వెతుకులాట సమయం దాదాపు ఉండదు. మనకు ఇంట్లో తెలిసే తేడా అంతా ఇక్కడే. పెద్ద సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు మాత్రమే పెట్టె మీది అంకె పనికొస్తుంది.

క్రూషియల్ బీఎక్స్500, 240 జీబీది వేశాడు. మూడేళ్ల వారంటీ. 1,850 రూపాయలు తీసుకున్నాడు, సీరియల్ నంబరుతో బిల్లు ఇచ్చాడు. దీనిలో వేగంగా రాసుకునే జాగా కొంతే ఉంటుంది కాబట్టి చాలా పెద్ద ఫైళ్లు ఒకేసారి రాస్తుంటే అది నిండాక నెమ్మదిస్తుందని ముందే చెప్పాడు. బడి వార్షికోత్సవం వీడియోలు ఎక్కించినప్పుడు అలాగే అయింది. రోజువారీ పనిలో ఆ సంగతి తెలియనే తెలియదు.

ర్యామ్ డీడీఆర్3 రకం. కొత్తగా ఎవరూ పెద్దగా అమ్మడం లేదు, పాత సిస్టముల నుంచి తీసినవే దొరుకుతాయి. 4 జీబీవి రెండు వేసి మొత్తం 8 జీబీ చేశాడు, రెండూ కలిపి 1,100. ఈ బోర్డు 16 జీబీ దాకా తీసుకుంటుంది కానీ మీ పనికి 8 చాలన్నాడు. పాత ర్యామ్ కదా అని నాకు అనుమానం వచ్చింది. మెమ్‌టెస్ట్ అనే పరీక్ష రాత్రంతా నడిపి, పొద్దున ఒక్క తప్పూ లేని స్క్రీన్ ఫొటో వాట్సాప్‌లో పంపాడు. అడగకుండానే పంపాడు. ఈ ఒక్క పని కోసమే నేను అతన్ని పది మందికి చెప్తున్నాను.

ఇంకో చిన్న విషయం మీ అందరికీ పనికొస్తుంది. మా సిస్టమ్‌లో కరెంటు తీసేసి మళ్లీ పెడితే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయేది. ప్రతిసారీ చేత్తో మార్చుకునేవాళ్లం. మార్చకపోతే బ్యాంకు సైటూ, మెయిలూ ఏదీ తెరుచుకోదు, 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని వస్తుంది. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు చెల్లే తేదీలు ఉంటాయి. మన సిస్టమ్ ఇంకా 2012లోనే ఉన్నాననుకుంటే ఆ సర్టిఫికెట్లు దానికి చెల్లవు. దీనికి కారణం బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్. మూడు వోల్టులది, గోడ గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. వైరస్ ఎక్కిందని, ఇంటర్నెట్ బాగా లేదని దీనికే డబ్బులు పోసేవాళ్లను చూశాను. అతను ఆ సెల్ మార్చి, బ్లోయర్‌తో దుమ్ము కొట్టి, ప్రాసెసర్ మీద ఎండి రాలిపోతున్న థర్మల్ పేస్టు (వేడిని బయటికి లాగే పూత) తుడిచి కొత్తది రాశాడు. ఈ మూడింటికీ 250. ఫ్యాను చప్పుడు సగానికి సగం తగ్గింది. మజూరీ 600. అన్నీ కలిపి 3,800.

ఇవి అప్పటి ధరలు. ఆ తర్వాత ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండింటి ధరలూ బాగా పెరిగాయి. మీరు వెళ్లేసరికి ఎక్కువే అవుతుంది, నా లెక్క చూపించి గొడవ పడకండి.

ఇక విండోస్ విషయం. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆ పైన ప్రాసెసర్ కావాలి. మాది రెండో తరం. ఆ తనిఖీలను తప్పించి బలవంతంగా ఎక్కించే పద్ధతులు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి. అతను చేయనన్నాడు. "ఎక్కుతది మేడమ్, ఎక్కనిది కాదు. రేపొక అప్‌డేట్‌తోని ఆగిపోతే మీరు నా దగ్గరికే వస్తరు, నేనేం జెప్పాలె?" అన్నాడు. దొంగ విండోస్ వేయడం కూడా అతనికి అలవాటు లేదు. మాకు ఆ అవసరమూ రాలేదు. 2016లో చేసుకున్న అప్‌గ్రేడ్ లైసెన్సు బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్క్ మారినా విండోస్ 10 కొత్తగా వేయగానే దానంతటదే యాక్టివేట్ అయింది.

విండోస్ 10 మీదే ఉండాలనుకునే ఇళ్లకు ఇంకో దారి కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ అదనపు భద్రతా అప్‌డేట్లను అక్టోబరు 13, 2026 దాకా ఇస్తోంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. మా ఆడపడుచు వాళ్లు అదే చేసుకున్నారు. అప్పటి దాకా ఊపిరి దొరుకుతుంది.

మాకు అతను సూచించింది రెండూ పక్కపక్కన పెట్టడం. ఎస్‌ఎస్‌డీలో కొంత భాగం విండోస్ 10కి, కొంత లినక్స్ మింట్‌కి, అంటే విండోస్ లాగే సిస్టమ్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి. ఇంటర్నెట్ పని అంతా మింట్‌లో. విండోస్‌లో ఇంటర్నెట్ అడాప్టర్‌నే ఆపేశాడు, అది అను, పేజ్‌మేకర్ కోసం మాత్రమే. బయటికి దారి లేని సిస్టమ్‌కు అప్‌డేట్లు రాకపోయినా దిగులు తక్కువ. పెన్‌డ్రైవ్‌ల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండమన్నాడు. సిస్టమ్ ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది, ఏమీ నొక్కకపోతే మింట్‌లోకి వెళ్తుంది. అర నిమిషం లోపే పని మొదలుపెట్టుకోవచ్చు.

లినక్స్ అనగానే నాకు బెరుకు ఉండింది. నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టాలేమో అనుకున్నాను. మింట్ 22, అందులో తేలికగా నడిచే ఎక్స్ఎఫ్‌సీఈ రకం వేశాడు. కింద ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. డబ్బు కట్టేది లేదు, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఫైర్‌ఫాక్స్ ఉంది, లిబ్రేఆఫీస్ ఉంది. మా అత్తమ్మ యూట్యూబ్‌లో బతుకమ్మ పాటలు తనే పెట్టుకుంటోంది, ఆమెకు తేడా తెలియలేదు.

కానీ నా అసలు ప్రశ్న తెలుగు టైపింగ్. నా వేళ్లు ఇన్నేళ్లుగా అనులో ఉండే ఆపిల్ అనే కీబోర్డు అమరికకు అలవాటు పడ్డాయి. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించుకునే పద్ధతి నాకు చేత కాదు, ప్రశ్నపత్రం టైపు చేసేటప్పుడు నా చూపు కాగితం మీద ఉండాలి కానీ కీల మీద కాదు. ఇన్‌స్క్రిప్ట్ అనే అమరిక ప్రభుత్వ ప్రమాణమే, కొత్తగా నేర్చుకునే పిల్లలకు అదే మంచిది, కానీ ఈ వయసులో వేళ్లను మళ్లీ మొదటి నుంచి తిప్పుకోవడం కష్టం. ఇదే మాట అతనికి చెప్తే, తనకూ తెలియదని, చూసి చెప్తానని అన్నాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. మింట్‌లో భాషల టైపింగ్ చూసుకునే ఐబస్ అనే దానికి ఎం17ఎన్ అనే అనుబంధం కలిపితే తెలుగు కింద వరుసగా ఇన్‌స్క్రిప్ట్, పోతన, సరళ, వాటితో పాటు ఆపిల్ కూడా వస్తుందట. ఉచితం. షాపులోనే కూర్చుని 'తెలంగాణ తల్లి' అని కళ్లు మూసుకుని కొట్టాను. కొట్టినట్టే వచ్చింది. అదీ ఏ సిస్టమ్‌లోనైనా, ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో! ఆ రోజు నాకు కలిగిన సంతోషం రాయడానికి మాటలు లేవు. కొన్ని ఒత్తుల దగ్గర, పొల్లు దగ్గర అనుకూ దీనికీ చిన్న తేడాలు ఉన్నాయి. అవి త్వరగానే చేతికి వచ్చేశాయి.

ఇది నాకు ఎందుకు ఇంత పెద్ద విషయమో చెప్పాలి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో పెట్టి చూపిస్తాయి. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే అర్థం కాని గుర్తులు కనిపిస్తాయి. గూగుల్‌లో వెతకలేం, ఫోన్‌లో చదవలేం, వాట్సాప్‌లో పంపలేం. డీటీపీ సెంటర్లకు అది దశాబ్దాల పాటు అన్నం పెట్టింది, ప్రింటులో అక్షరం ఎంత అందంగా ఉంటుందో నాకు తెలుసు, దాని మీద నాకు ఎప్పటికీ గౌరవమే. కానీ ఇప్పుడు ప్రశ్నపత్రం పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాలి, హెచ్‌ఎం సార్ ఫోన్‌లో చూసి సరే అనాలి. అలవాటైన కీలతోనే యూనికోడ్ వస్తోంది కాబట్టి కొత్త పత్రాలన్నీ ఇప్పుడు మింట్‌లోనే చేస్తున్నాను. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లు దించుకున్నాను. శీర్షికలకు రామభద్ర, లోపల పాఠానికి మండలి. పేజ్‌మేకర్ వైపు వెళ్లేది పాత ఫైళ్ల కోసం మాత్రమే. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. వత్తులు అక్కడక్కడ తారుమారవుతాయి, కూర్చుని దిద్దుకోవాలి. తీరిక ఉన్నప్పుడు ఒక్కొక్కటి చేస్తున్నాను.

ఇప్పుడు బాగా లేనివి. మా పాత లేజర్ ప్రింటరు మింట్‌లో పని చేయడం లేదు. చాలా ప్రయత్నించాడు, కుదరలేదు, ఆ ప్రయత్నానికి డబ్బు అడగలేదు. మింట్‌లో పీడీఎఫ్ చేసి, విండోస్ భాగంలో దాచి, సిస్టమ్ మళ్లీ ఆన్ చేసి విండోస్ నుంచి ప్రింటు తీస్తున్నాను. విసుగే. మీకు ప్రింటింగ్ రోజూ ఉంటే, ఇచ్చే ముందే ప్రింటరు మోడల్ చెప్పి లినక్స్‌లో వస్తుందా లేదా కనుక్కోండి.

యూట్యూబ్ 720లో హాయిగా నడుస్తుంది. 1080 పెడితే ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, బొమ్మ అక్కడక్కడ ఆగుతుంది. యూట్యూబ్ ఇప్పుడు వాడే వీపీ9, ఏవీ1 రకాల వీడియోను విప్పే శక్తి ఈ కాలపు గ్రాఫిక్స్‌లో లేదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఎస్‌ఎస్‌డీ వేసినా, ర్యామ్ పెంచినా ఇది మారదు. ఆన్‌లైన్ క్లాసులకు, పరీక్షల ప్రాక్టీసుకు మా వాడికి ఏ ఇబ్బందీ లేదు. గేములు ఆడతామంటే మాత్రం ఈ దారి మీది కాదు. స్కూల్ నుంచి వచ్చే వర్డ్ ఫైళ్లలో గౌతమి ఫాంటు వాడి ఉంటే లిబ్రేఆఫీస్‌లో వరుసలు కొద్దిగా జరుగుతాయి.

షాపు విషయంలో కూడా రెండు మాటలు చెప్పాలి. చెప్పిన రోజుకు ఇవ్వలేదు. ర్యామ్ హైదరాబాద్ నుంచి రావాలన్నాడు, అది ఆలస్యమైంది, స్కూలు తెరిచాక గానీ సిస్టమ్ చేతికి రాలేదు. ఫోన్ చేస్తే నిజమే చెప్పాడు కాబట్టి కోపం రాలేదు కానీ, పరీక్షల ముందు ఇచ్చేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇంటికి తెచ్చాక విండోస్‌లోకి వెళ్లినప్పుడల్లా గడియారం ఐదున్నర గంటలు వెనక చూపించింది. లినక్స్ బోర్డు గడియారంలో గ్రీన్‌విచ్ సమయం రాస్తుంది, విండోస్ దాన్ని మన సమయం అనుకుంటుంది. ఇది ఇచ్చే ముందే చూసుకోవాల్సిన పని. ఫోన్ చేయగానే మింట్‌లో ఒక్క వరుస కొట్టించి సరిచేశాడు, అంతటితో పోయింది. షాపులో కూర్చోవడానికి ఒకటే స్టూలు, కింద బండి పెట్టుకోవడానికి చోటు లేదు. సాయంత్రం చౌరస్తా రద్దీలో సీపీయూ మోసుకుని వెళ్లడం కంటే పొద్దున పదకొండు గంటలకు వెళ్లడం నయం.

తీసేసిన పాత హార్డ్‌డిస్క్, పాత ర్యామ్, అన్నీ కవర్లో పెట్టి తిరిగి ఇచ్చాడు. హార్డ్‌డిస్క్ తూకానికి వేయొద్దని, అందులో మీ ఆధార్ కాపీలు, ఫొటోలు అలాగే ఉంటాయని గట్టిగా చెప్పాడు. పాత భాగాలు తిరిగి ఇవ్వని షాపులో నేను సిస్టమ్ ఇవ్వను, మీరూ ఇవ్వొద్దు.

అందరికీ ఈ పద్ధతి నప్పదు. విండోస్ 11 తప్పనిసరి అయిన ఉద్యోగం ఉన్నవాళ్లు, ఫొటోషాప్ కొత్త వెర్షన్లు వాడేవాళ్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు నాలుగు వేలు ఇందులో పెట్టే బదులు రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్ చూడటం మంచిదని అతనే అన్నాడు. ఆఫీసుల్లో వాడి తీసేసిన ఎనిమిదో తరం ఐ5 సిస్టములు అప్పట్లో 15 నుంచి 18 వేల మధ్య చెప్పారు. కొనేటప్పుడు పైన స్టిక్కరు కాదు, లోపల ప్రాసెసర్ నంబరు చూడమన్నాడు. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం, ఐ5-6500 అంటే ఆరో తరం, ఇది విండోస్ 11 జాబితాలో లేదు. రెండింటికీ బయట ఐ5 అనే ఉంటుంది. డిస్క్ ఆరోగ్యం పైన చెప్పిన ప్రోగ్రామ్‌లోనే చూడాలి. గంట సేపు షాపులోనే నడిపించాలి. వారంటీ నోటి మాటగా కాకుండా బిల్లు మీద రాయించుకోవాలి. నాకు పనికిరాని సలహా అయినా ఇంత ఓపికగా చెప్పాడు, తను అవి అమ్మడు కూడా.

మా తోటి సైన్స్ టీచరు సిస్టమ్ కూడా ఈ మధ్యే అక్కడ ఇచ్చారు. ఆమెది ఇంకా పాతది, 2 జీబీ ర్యామ్, డీడీఆర్2 బోర్డు. అతను విప్పి చూసి, దీనికి ఖర్చు పెట్టొద్దు మేడమ్, ఎస్ఎంపీఎస్‌లో (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బాలో) కెపాసిటర్లు ఉబ్బినయి, బోర్డు కూడా పోయేటట్టు ఉంది అని డేటా మాత్రం కాపీ చేసి 200 తీసుకుని పంపించాడు.

ఆదివారం షాపు ఉండదు. వెళ్లే ముందు ఫైళ్లు దించుకోవడానికి ఖాళీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి, పాత విండోస్ లైసెన్సు స్టిక్కరు ఉంటే దాని ఫొటో, ప్రింటరు మోడల్ నంబరు వెంట తీసుకెళ్లండి. కీబోర్డు, మౌసు, మానిటరు మోసుకెళ్లక్కర్లేదు, సీపీయూ ఒక్కటి చాలు.